డాబా మీది ఆకాశం ఎవరిది?

దీర్ఘకాలంగా పార్లమెంటు వార్తలు వ్రాస్తున్నవాడు బంధువుల ఊళ్ళకు వెళ్ళినప్పుడు సాధారణంగా ఎదురయ్యే ప్రశ్నలు రెండే. ప్రభుత్వం నిలబడుతుందా అన్నది మొదటిది. మా అబ్బాయి సంగతి ఎవరికైనా ఒక మాట చెప్పగలరా అన్నది రెండవది. మొన్న వేసవి మొదట్లో ఖరగ్‌పూర్‌లో ఈ రచయితకు ఎదురైన ప్రశ్న ఈ రెంటిలోను చేరేది కాదు. అది ఆకాశానికి సంబంధించినది. అడిగినవారు డెబ్బయ్యో పడి దాటిన రైల్వే విశ్రాంత ఉద్యోగి, నాకు వరుసకు చిన్నాన్న.

ఖరగ్‌పూర్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే వారి కర్మాగారంలో పనికై ఉత్తర సర్కారు జిల్లాల నుండి తరలివెళ్ళిన కుటుంబాల సంతతి అక్కడ తరాల తరబడి స్థిరపడి ఉన్నది. తరువాతి కాలంలో రాష్ట్రపతి పదవిని అధిష్ఠించిన వి.వి. గిరి 1920ల నాటికే ఆ రైల్వే కార్మికుల నాయకుడు. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించ నిర్ణయించినదంటే అది ముఖ్యంగా ఈ ఊరి తెలుగువారిని దృష్టిలో పెట్టుకొనే. ఊరికి ఒక వైపున ఐ.ఐ.టి. ఆవరణ ఉన్నది. దానిని ఆనుకొని ఉన్న పేట ప్రేమ్ బజారు. చిన్నాన్న కర్మాగారంలో ఫిట్టరుగా జీవితమంతా పనిచేసి, క్వార్టరు ఖాళీ చేసిన పిమ్మట అక్కడ రెండు గదుల డాబా ఇల్లు కట్టుకొన్నారు.

ఆ ఇంట నేను ఉన్నది రెండు రోజులు. మొదటి రోజు ఉదయం పిన్ని డాబా మీద వడియాలు పెడుతున్నది. కోడలు తలంటుకొని, తడి జుట్టు ఆరబెట్టుకొంటూ పక్కన కూర్చున్నది. అంతలో తుమ్మెద రొదవంటి చప్పుడు వినిపించింది. కోడలు చటుక్కున లేచి, కొంగు తలమీదికి లాగుకొని మెట్లు దిగి లోనికి వెళ్ళిపోయింది. పిన్ని తలయెత్తకుండానే, ‘వచ్చిందమ్మా మహాతల్లి’ అన్నది. పిట్టగోడకు పది పన్నెండు అడుగుల ఎత్తున, నాలుగు రెక్కల చిన్న యంత్రం ఒకటి గాలిలో నిలిచి మమ్ములను చూస్తున్నది. కాసేపటికి దొడ్డివైపు తిరిగి, స్నానాలగది మీదుగా పొరుగింటికి వెళ్ళిపోయింది. అది ఆ ఇంటి కుర్రవాని డ్రోను.

పొరుగువారు చెడ్డవారు కారు. రెండు ఇళ్ళ మధ్య పండుగలకు పిండివంటలు ఇచ్చిపుచ్చుకొనే స్నేహం ఉన్నది. చిన్నాన్న ఒకనాడు వెళ్ళి మర్యాదగానే ఈ సంగతి కదిపారట. ‘గాలిలో ఎగిరేదానికి మీ ఇల్లేమిటి, మా ఇల్లేమిటి? కుర్రవాడు చదువులో భాగంగా నేర్చుకొంటున్నాడు’ అని కుర్రవాని తండ్రి నవ్వివేశారట. అప్పటి నుండి కోడలు ఉతికిన బట్టలు డాబా మీదికి తీసుకువెళ్ళడం మానివేసింది. గదిలో దండెం కట్టి, పంకా వేసి ఆరబెడుతున్నది.

బయలుదేరేనాడు చిన్నాన్న అన్న మాట ఇది: ‘జాగాకు నా పేర కాగితం ఉంది. ఇంటికి పన్ను కట్టిన రసీదు ఉంది. దిల్లీలో చట్టాలు చేసేవాళ్ళను రోజూ చూస్తుంటావు కదా. ఈ డాబా మీది ఆకాశం ఎవరిదో కనుక్కొని నాకు ఉత్తరం రాయి.’

ఈ వారం లేఖ ఆ ఉత్తరమే.

కోళ్ళు చచ్చిన కేసు

భూమి ఎవనిదో దానిపైని ఆకాశమంతా వానిదే అన్నది యూరపు న్యాయశాస్త్రంలోని పాత సూత్రం. విమానం పుట్టనంత కాలం ఆ సూత్రంతో ఎవరికీ ఇబ్బంది రాలేదు. అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రపు కోళ్ళ పెంపకందారు కాస్బీ వేసిన దావాలో 1946లో ఆ దేశపు సుప్రీంకోర్టు దానికి స్వస్తి చెప్పింది. సైనిక విమానాలు ఆయన స్థలానికి 83 అడుగుల ఎత్తున దిగుతుండేవి. కోళ్ళు బెదిరి గోడలకు కొట్టుకొని చచ్చేవి. ఆకాశమంతా కాస్బీది కాదని కోర్టు చెప్పింది. అయితే భూమిని అనుభవించడానికి అవసరమైనంత మేరకు దాని పైభాగం మాత్రం ఆయనదేనని ఒప్పుకొని, నష్టపరిహారానికి ఆయన అర్హుడన్నది.

బ్రిటనులో 1977 నాటి తీర్పు చిన్నాన్న ప్రశ్నకు మరింత చేరువైనది. లార్డ్ బెర్న్‌స్టీన్ అనే ప్రముఖుని పల్లెటూరి ఇంటిని ఒక కంపెనీ విమానం నుండి ఫొటో తీసి, దానిని ఆయనకే అమ్మజూపింది. ఆయన దావా వేశారు. వందల అడుగుల ఎత్తున ఒకసారి ఎగిరి ఒక ఫొటో తీసినంత మాత్రాన అతిక్రమణ కాదని కోర్టు దావాను కొట్టివేసింది. ఆ న్యాయమూర్తియే మరొక మాట కూడ చెప్పారు. ఒక మనిషి ఇంటిని ఆకాశం నుండి నిరంతరం గమనిస్తూ అడుగడుగునా ఫొటోలు తీస్తుంటే అది సహింపరాని వేధింపు అవుతుందని, అప్పుడు న్యాయస్థానం అతనిని ఆదుకొంటుందని ఆ మాట సారాంశం. ఒకసారి దాటిపోయే విమానం వేరు, రోజూ వచ్చి నిలిచి చూచే కన్ను వేరు అన్నమాట.

మన దేశంలో 1934 నాటి విమాన చట్టం 17వ సెక్షను, తగినంత ఎత్తున విమానం ఎగిరినంత మాత్రాన అతిక్రమణ దావా చెల్లదని చెప్పింది. విమానయానం పెరగాలంటే ఆ ఏర్పాటు తప్పదు. కాని ‘తగినంత ఎత్తు’ అన్న ఆ మాటను వ్రాసినవారు పిట్టగోడకు పది అడుగుల పైన నిలిచే విమానాన్ని ఊహించి ఉండరు.

మన ఊళ్ళ పాత మర్యాద

ఇక్కడ మనం ఇంగ్లీషువారి తీర్పులనే పట్టుకొని వేళ్ళాడవలసిన పని లేదు. ఇరుగుపొరుగుల చూపు విషయంలో ఈ దేశానికి తనదైన న్యాయం ఒకటి ఉండేది. 1882 నాటి సౌకర్య హక్కుల చట్టం 18వ సెక్షనులోని ఒక ఉదాహరణ చూడండి. ఒక ఊరి ఆచారం ప్రకారం పొరుగువారి మరుగుకు భంగం కలిగించే కొత్త కిటికీ పెట్టరాదని ఉంటే, ఆ ఊరిలో ఇల్లు కట్టుకొన్న ప్రతివారికీ పొరుగువాని కొత్త కిటికీని ఆపించే హక్కు వస్తుందని దాని భావం. 1888లో అలహాబాదు హైకోర్టు గోకుల్ ప్రసాద్ కేసులో, స్త్రీలు మసలే భాగం కనిపించేటట్లు పొరుగువారు కట్టిన వసారా, తలుపుల విషయమై ఇటువంటి ఆచారబద్ధమైన హక్కునే గుర్తించింది. మన పల్లెలలో ఈ సంగతి చెప్పడానికి కోర్టు అక్కరలేదు. పొరుగింటి దొడ్డివైపు కిటికీ పెట్టేముందు ఆ ఇంటివారిని అడగడం మర్యాద.

ఇందులో ఒక విచిత్రమున్నది. 1882 చట్టం మొదట అమలులోకి వచ్చిన ప్రాంతాలలో మదరాసు రాజధాని ఒకటి. అంటే ఖరగ్‌పూర్ తెలుగువారి పూర్వులు బయలుదేరివచ్చిన ఊళ్ళన్నీ దాని పరిధిలోనివే. ఆ చట్టాన్ని బెంగాలుకు మాత్రం విస్తరింపలేదు. దాని సూత్రాలను అక్కడి కోర్టులు పాటించవచ్చునుగాని, చట్టం చట్టంగా అక్కడ లేదు. వలస వెళ్ళిన మనిషి భాషను, దేవుణ్ణి, వంటను వెంట తీసుకువెళ్ళగలిగాడు. కిటికీ హక్కును మాత్రం తీసుకుపోలేకపోయాడు.

సుబ్బారావుగారి అసమ్మతి

మనిషి మరుగు అన్నది ఆస్తి హక్కులో ఒక తునకా, లేక స్వేచ్ఛలోనే భాగమా? ఈ ప్రశ్నకు మన సుప్రీంకోర్టులో మొట్టమొదట స్పష్టంగా జవాబు చెప్పినవారు ఒక తెలుగు న్యాయమూర్తి. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్‌పై దోపిడీ కేసు సాక్ష్యం లేక వీగిపోయినా, పోలీసులు ఆయనపై నిఘా మానలేదు. రాత్రివేళ తలుపు తట్టి లేపేవారు. 1962లో అధిక సంఖ్యాక న్యాయమూర్తులు ఆ రాత్రి తనిఖీలు చెల్లవన్నారుగాని, గోప్యత అన్న హక్కు మాత్రం రాజ్యాంగంలో లేదన్నారు. రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు దానితో ఏకీభవించలేదు. వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత విడదీయరాని భాగమని, నిరంతరం కనిపెట్టి ఉన్న కన్ను మనిషిని సంకెల లేకుండానే బంధిస్తుందని ఆయన అభిప్రాయం. జస్టిస్ షా ఆయనతో ఏకీభవించారు. 1967లో ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచిన సుబ్బారావుగారిని రాజకీయ పాఠకులు మరచి ఉండరు.

ఆ అసమ్మతి 55 ఏళ్ళు నిరీక్షించింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ తొమ్మిదిమందిలో కృష్ణాజిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ ఒకరు. 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా నియమితులైన జస్టిస్ అబ్దుల్ నజీర్ మరొకరు.

తూకం ఉన్నది, చూపు లేదు

ఇంత ఘనమైన హక్కు చేతికందిన పిమ్మట డ్రోన్ల నిబంధనలలో దానికి పెద్దపీట వేసి ఉంటారని ఎవరైనా అనుకొంటారు. జరిగినది వేరు. 2018 డిసెంబరు 1 నుండి అమలైన తొలి నిబంధనలలో, ఇతరుల గోప్యతకు భంగం కలుగకుండ చూచే బాధ్యత డ్రోను నడిపేవారిదేనన్న మాట ఉండేది. 2021 మార్చిలో వచ్చిన నిబంధనలలో కూడ వ్యక్తి గోప్యత ప్రస్తావన ఉన్నది. వాటిని రద్దుచేసి 2021 ఆగస్టు 25న, అంటే పుట్టస్వామి తీర్పు వచ్చిన నాలుగేళ్ళ ఒక రోజుకు, ప్రకటించిన డ్రోన్ల నిబంధనలలో ఆ మాట కనిపించదు. పత్రాలను 25 నుండి 5కు, రుసుములను 72 రకాల నుండి 4కు తగ్గించినట్లు ప్రభుత్వం అప్పుడు చెప్పుకొన్నది. పరిశ్రమకు మేలు చేసే ఆ తగ్గింపులను ఎవరూ తప్పుపట్టరు. తగ్గించినవాటిలో పొరుగింటివారి మరుగు కూడ కొట్టుకొనిపోయినదన్నదే విచారింపదగిన విషయం.

ఈ నిబంధనలు దేనిని కొలుస్తాయో చూడండి. బరువును కొలుస్తాయి: 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు చిన్నది. నానో డ్రోనును ఎగురవేయడానికి, వ్యాపారేతర ప్రయోజనానికి మైక్రో డ్రోనును వాడడానికి పైలట్ సర్టిఫికెట్టు అక్కరలేదు. ఎత్తును కొలుస్తాయి: ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల వరకు అనుమతి అక్కరలేదు. దూరాన్ని కొలుస్తాయి: విమానాశ్రయం సరిహద్దు నుండి 8 కిలోమీటర్ల లోపల పసుపుపచ్చ మండలం. ఎర్ర మండలంలో కేంద్ర ప్రభుత్వపు అనుమతి లేనిదే ఎగురవేయరాదు. ఉల్లంఘనకు జరిమానా లక్ష రూపాయల వరకు. మనుషుల భద్రతకు, ఆస్తికి ముప్పు తేరాదన్న మాట కూడ ఉన్నది. డ్రోను తలమీద పడరాదని దాని అర్థం. తలలోనికి తొంగిచూడరాదని కాదు.

ఖరగ్‌పూర్‌కు సమీపాననే కలైకుండా వైమానిక దళ స్థావరం ఉన్నది. కనుక ఆ ఊరి చుట్టుపట్ల డ్రోను ఎగురవేయదలచినవారు ముందుగా డిజిటల్ స్కై పటం చూచుకొనక తప్పదు. ఇది న్యాయమే, దేశ రక్షణతో ఆటలు కూడవు. అయితే ప్రభుత్వం తన స్థావరంపైని ఆకాశానికి ఎంత జాగ్రత్తగా గీతలు గీసుకొన్నదో గమనించండి. పౌరుని డాబా పైని ఆకాశానికి ఒక్క గీత కూడ లేదు. ప్రేమ్ బజారు పక్కనున్న ఐ.ఐ.టి. 1951లో ప్రారంభమైనది పాత హిజిలీ నిర్బంధ శిబిరపు భవనంలో. 1931 సెప్టెంబరు 16న తెల్లదొరల పోలీసులు నిరాయుధులైన డెటిన్యూలపై కాల్పులు జరిపి ఇద్దరిని పొట్టనబెట్టుకొన్న చోటు అది. ఇతరుల కనుసన్నలలో బ్రతకడమంటే ఏమిటో ఆ నేలకు తెలుసు.

మిగిలిన చట్టాల మాటేమిటి? భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను స్త్రీల ఏకాంతాన్ని దొంగచాటుగా చూచే, చిత్రించే వారికి మొదటి నేరానికే ఏడాదికి తగ్గకుండ మూడేళ్ళ వరకు జైలు విధిస్తుంది. అది స్నానాలగదివంటి తీవ్ర సందర్భాలకు వర్తించేది. తడి జుట్టు ఆరబెట్టుకొనడం, వడియాలు పెట్టుకొనడం దాని కిందికి రావడం కష్టం. పైగా పొరుగింటి పిల్లవానిని జైలుకు పంపాలన్న కోరిక చిన్నాన్నకు లేదు. ఇక 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉన్నది. వ్యక్తి తన సొంత, ఇంటి అవసరాలకు సేకరించే సమాచారానికి ఆ చట్టం వర్తించదని దాని 3వ సెక్షనే చెబుతున్నది. కంపెనీ డ్రోనుకు వర్తించగల చట్టం, సరదాకు ఎగురవేసే పొరుగువాని డ్రోనుకు వర్తించదన్నమాట.

జన్‌వాడ చెప్పిన పాఠం

తెలుగు పాఠకులకు జన్‌వాడ ఉదంతం గుర్తుండే ఉంటుంది. 2020 మార్చిలో, అప్పటి మల్కాజ్‌గిరి లోక్‌సభ సభ్యుడు రేవంత్ రెడ్డిని, హైదరాబాదు శివార్లలోని జన్‌వాడలో ఒక ఫామ్‌హౌస్‌పై అనుమతి లేకుండా డ్రోను ఎగురవేయించారన్న ఆరోపణపై పోలీసులు అరెస్టు చేశారు. ఆ ఫామ్‌హౌస్ నాటి మంత్రి కె.టి. రామారావుదని, జంట జలాశయాల రక్షణకై 1996లో జారీ అయిన 111వ నంబరు జి.వో.కు విరుద్ధంగా వెలిసినదని రేవంత్ రెడ్డి ఆరోపణ. అది తనది కాదని రామారావు జవాబు. పార్లమెంటు సభ్యుడు జైలులో ఉండగానే ఆయన పార్టీవారు ఆ సంగతిని లోక్‌సభలో లేవనెత్తారు. అదే నెలలో హైకోర్టు బెయిలు ఇచ్చింది. ఆయన ముఖ్యమంత్రి అయిన తరువాత, 2025లో ఆ కేసును హైకోర్టు కొట్టివేసింది.

ఎవరి పక్షం వహించేవారు ఆ పక్షం వహించవచ్చును. మన చర్చకు పనికివచ్చే సంగతి ఒకటున్నది. పదవిలో ఉన్నవారి అక్రమాన్ని బయటపెట్టడానికి ఆకాశం నుండి చూచే హక్కు ప్రజలకున్నదా? ఉంటే ఇంటి గోప్యతకు, దానికి మధ్య హద్దు ఎక్కడ? ఇవి నిజమైన ప్రశ్నలు. పోలీసులు ఎత్తిచూపిన నేరం మాత్రం అనుమతి లేకపోవడం. గీత లేని చోట ఎవరికి తోచిన గీత వారు గీస్తారు. పెద్దల ఇంటిపై ఎగిరిన డ్రోనుకు కదిలిన పోలీసు యంత్రాంగం ప్రేమ్ బజారు డాబాపై ఎగిరినదానికి కూడ కదులుతుందని చిన్నాన్నకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

సభ చేయదగిన పని

డ్రోను శత్రువు కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, పడవలు చేరలేని ఇళ్ళకు ఆహారపు పొట్లాలు అందించినవాటిలో ఇవి కూడ ఉన్నవి. 2020లో ప్రారంభమైన స్వామిత్వ పథకం కింద గ్రామాల ఇళ్ళ స్థలాలను కొలిచినవి ఇవే. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలోను వీటిని వాడారు. వీటిని ఇంటి కప్పులపైకి రానేవద్దనడం తెలివితక్కువ. చెప్పి రావాలనడం మర్యాద.

1934 నాటి చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ బిల్లును 2024లో లోక్‌సభ ముందుంచినవారు మన శ్రీకాకుళం సభ్యుడు, పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు. లోక్‌సభ దానిని ఆగస్టు 9న, రాజ్యసభ డిసెంబరు 5న ఆమోదించాయి. 2025 జనవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది. బిల్లుకు హిందీ పేరేమిటని దక్షిణాది సభ్యులు గట్టిగా నిలదీశారు. అది అడగవలసిన ప్రశ్నే. కాని పేరు మీద చూపిన పట్టుదలలో కొంతైనా ఇంటి కప్పు మీద కూడ చూపవలసి ఉండినది. 2025 సెప్టెంబరులో అదే శాఖ డ్రోన్లకు ప్రత్యేకంగా ఒక ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయానికి విడుదల చేసింది. అందులోని జైలు శిక్షలపై పరిశ్రమ వర్గాలు అభ్యంతరం తెలిపాయి. పరిశ్రమకు గొంతు ఉన్నది, వినిపించుకొన్నది. డాబా మీద బట్టలు ఆరబెట్టుకొనే ఇల్లాలి తరఫున శాఖకు మహజరు పంపేవారెవరు?

కావలసినది పెద్ద చట్టమేమీ కాదు. మునుపు ఉండి పోయిన ఒక్క వాక్యం తిరిగి రావాలి: పరుల నివాసంపై, వారి అంగీకారం లేకుండ, చిత్రాలు తీయగల డ్రోనును తక్కువ ఎత్తున నిలుపరాదు. వరదలు, అగ్నిప్రమాదాలు, చట్టబద్ధమైన సర్వేలు దీనికి మినహాయింపు. సర్వేకు వచ్చేవారు ముందుగా దండోరా వేయించాలి. ప్రజాప్రయోజనం గల వార్తాసేకరణకు న్యాయస్థానాలు గుర్తించే రక్షణ ఉండాలి. ఉల్లంఘనకు జైలు కాదు, మొదట హెచ్చరిక, పిదప జరిమానా. ఫిర్యాదు దిల్లీకి కాక, స్థానికంగానే వినే ఏర్పాటు ఉండాలి. ముసాయిదా ఏ రూపంలో సభకు వచ్చినా, ఈ సవరణ ప్రతిపాదించడానికి ఏ పార్టీ సభ్యునికీ విప్ అడ్డురాదు.

చిన్నాన్నకు నా జవాబు ఇంతే: ఆకాశం ఎవరిదో నాకు తెలియలేదు. కాని దాని కింద మీరు బ్రతికే బ్రతుకు మీదేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాటను మీ డాబా దాకా తీసుకువచ్చే పని పార్లమెంటుది. అది ఇంకా జరగలేదు.

ఉత్తరం అందిన పిమ్మట ఆయన ఫోను చేశారు. పొరుగింటి కుర్రవాని సంగతి ఆయన తనంతట తానే పరిష్కరించుకొన్నారు. వానిని పిలిచి కాఫీ ఇచ్చి, డాబా మీద పిన్ని పక్కన కూర్చోబెట్టి, ‘ఇక్కడి నుంచి పైకి చూడు’ అన్నారట. వాడు కాసేపు చూచి, తలవంచుకొని, తీసిన బొమ్మలన్నీ ఆయన ఎదుటనే చెరిపివేశాడట. ఇప్పుడు ఊరి బయట మైదానంలో ఎగురవేసుకొంటున్నాడట.

‘మరి వదిన బట్టలు డాబా మీద ఆరవేస్తున్నదా?’ అని అడిగాను.

‘లేదు,’ అన్నారు చిన్నాన్న. ‘దానికి ఇంకా ధైర్యం రాలేదు.’